వైజాగ్ వన్ టౌన్‌లో పాత ఇల్లు: ఇటుక సందుల్లో మాలు రాలిపోతుంటే సిమెంట్ పెట్టించాలా?

మీరు రాసింది ఇదీ. పాత పోస్టాఫీసు వైపు తాతగారు కట్టించిన ఇల్లు, ఎనభై ఏళ్ళ పైమాటే. తూర్పు గోడకి బయట పూత లేదు, ఇటుక కనబడుతుంది. నేల నుంచి నడుము ఎత్తు వరకూ సందుల్లో మాలు వేలితో గీకితే పొడిగా రాలుతోంది, కొన్నిచోట్ల చిటికెన వేలు సగం దూరుతోంది. మేస్త్రి వచ్చి చూసి, గ్రైండర్‌తో సందులు కోసి, ఒక వంతు సిమెంట్‌కి మూడు వంతుల ఇసుక కలిపిన మాలు కూరి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొడితే ముప్పై ఏళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. చేయించమంటారా, లేక నేనే చేసుకోవచ్చా అని అడిగారు.

చేయించకండి. కనీసం ఆ పద్ధతిలో వద్దు. మేస్త్రి మిమ్మల్ని మోసం చేస్తున్నాడని కాదు. ఆయన చేతికి అలవాటైన పని అది, కొత్త ఇళ్ళకి సరిపోతుంది కూడా. నేనూ అదే చేశాను కాబట్టి చెబుతున్నాను. తాపీ పనిలో దిగి ముప్పై ఏళ్ళు దాటింది. 2003లో చెంగల్రావుపేటలో ఒక పాతింటికి సరిగ్గా ఇదే పని, ఇదే మాలుతో చేశాను. నల్లగా చెమ్మ పట్టిన గోడ కాస్తా గీత గీసినట్టు తయారైంది, ఇంటివాళ్ళు సంబరపడి నాకు పంచెల చాపు కూడా పెట్టారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక గోడ చూడమని మళ్ళీ పిలిచారు. నేను పెట్టిన సిమెంట్ గీతలు చెక్కుచెదరలేదు. వాటి మధ్య ఇటుకలు మాత్రం అంగుళం లోతున తినేసి ఉన్నాయి. గోడకి చేపల వల ఆరేసినట్టుంది. ఆ సిమెంట్ తీద్దామంటే ఇటుక కూడా ఊడి వస్తోంది. తుపాను చేసింది కాదది, నేను చేసిందే. తుపాను గాలి రాలాల్సిన ముక్కల్ని రాల్చిందంతే.

ఎందుకలా అవుతుందో తెలిస్తే మేస్త్రితో మీరే మాట్లాడగలరు. పాత గోడలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. కింద నేల నుంచి కొంత ఎక్కుతుంది, వాన కొంత పడుతుంది. ఆ చెమ్మ ఆరడానికి బయటికి దారి కావాలి. సున్నం మాలు మెత్తన, గుల్లగా ఉంటుంది కాబట్టి చెమ్మ దానిలోంచే ఎక్కువగా బయటికి పోతుంది. పోతూ పోతూ లోపలి ఉప్పుని సందు అంచున వదులుతుంది. ఏళ్ళ తరబడి ఉప్పు అక్కడ గడ్డకడుతుంటే మాలు పొడి అవుతుంది. అంటే మీ గోడలో రాలుతున్న మాలు తన పని తాను చేసి అరిగింది, ఇటుకని కాపాడింది. దాన్ని తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఇటుకని అలా మార్చలేం. ఇప్పుడు ఆ సందుని గట్టి సిమెంట్‌తో మూసేస్తే చెమ్మ ఇటుకలోంచే బయటికి రావాలి. ఉప్పు ఇటుక మొహంలోనే గడ్డకడుతుంది, పొరలు పొరలుగా లేపేస్తుంది. పైగా ఎండకి గోడ సాగి, రాత్రికి ముడుచుకున్నప్పుడు మెత్తని మాలు సర్దుకుంటుంది. సిమెంట్ సర్దుకోదు, ఇటుక అంచుల్ని విరుస్తుంది.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. మామూలు ఉప్పు, అదే సముద్రపు ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరుగుతుంది, తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. వైజాగ్ గాలి రాత్రికీ మధ్యాహ్నానికీ ఆ గీత అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఉప్పు జాడీ మూత తీసి పెడితే ఏమవుతుందో గోడలోనూ రోజూ అదే జరుగుతోంది. హైదరాబాద్‌లో నలభై ఏళ్ళు నిలిచే పాయింటింగ్, అంటే సందులు నింపే పని, ఇక్కడ బీచ్ వైపు గోడకి అన్నేళ్ళు నిలవకపోవడానికి ఇది పెద్ద కారణం.

అందుకే మాలు సంగతి తర్వాత, ముందు నీళ్ళు ఎక్కడివో పట్టుకోండి. నడుము ఎత్తు వరకే దెబ్బ తిందన్నారు కాబట్టి కింది నుంచి ఎక్కే చెమ్మ అనిపిస్తోంది. కానీ మీరు పంపిన ఫొటోలో ఎడమ మూల చూరు నీళ్ళ గొట్టం గోడకి జానెడు దూరంలో నేల మీదే ఆగిపోయింది. పెంకుల కప్పు మీద పడ్డ వానంతా గోడ మొదట్లోకే పోతోంది. దాన్ని కాలువ వరకూ పొడిగించండి. గోడ వారన మట్టి పేరుకుని, తర్వాత ఎవరో దాని మీద సిమెంట్ గచ్చు చేసినట్టుంది. ఆ గచ్చు గోడకి ఆనుకున్నచోట అడుగు వెడల్పున కొట్టించి, వాలు బయటికి ఉండేలా కంకర పోయించండి. గోడకి అవతల స్నానాల గది ఉందా? ఉంటే పైపు కారుతోందేమో చూడాలి. ఈ మూడూ చేసి ఒక వానాకాలం వదిలేస్తే సగం గోడ దానంతటదే ఆరుతుంది. చెమ్మ ఆగకుండా సందులు నింపడమంటే, తెల్లారేసరికి ఖాళీ అయ్యే చిల్లుకుండని రోజూ నింపుకోవడమే.

రెండోది, లోపల ఉన్నది నిజంగా సున్నమేనా? వన్ టౌన్‌లో చాలా ఇళ్ళ గోడలు లోపల మట్టి మాలుతో కట్టి, బయటి మొహం మాత్రం సున్నంతో సందులు మూసినవి. డబ్బున్న ఇళ్ళకి గానుగలో రుబ్బిన సున్నం, లేనివాళ్ళకి మట్టి, మధ్యస్తంగా ఉన్నవాళ్ళకి రెండూ. సందులో రెండంగుళాల లోతు నుంచి గోళీకాయంత ముద్ద తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. పావుగంటలో కరిగి బురద అయితే మట్టి. ముద్దగానే నిలిస్తే సున్నం లేదా సిమెంట్. మేకుతో గీకి చూడండి: సున్నం తెల్లగా, గోధుమరంగుగా పొడి రాలుతుంది, సిమెంట్ మీద మేకు జారి బూడిదరంగు గీత పడుతుంది. సున్నంలో చిన్న తెల్ల గడ్డలు, గవ్వ ముక్కలు కనిపిస్తే గుల్ల సున్నం వాడారని అర్థం. లోపల మట్టి అని తేలితే నీళ్ళ పైపుతో గోడ కడగడం, లోతుగా చెక్కడం రెండూ మానుకోవాలి. అప్పుడు చేసే పనే వేరు, నాకు మళ్ళీ రాయండి.

మూడోది, పగుళ్ళు. మెట్లు దిగినట్టు సందుల వెంట ఏటవాలుగా పోయిన పగులు ఉంటే అది మాలు జబ్బు కాదు, పునాది కదిలిందని. పగులుకి అడ్డంగా ఒక సన్నని గాజుముక్కని రెండు చివరలా అంటించి, తేదీ రాసి పెట్టండి. రెండు మూడు నెలల్లో గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోంది. అప్పుడు మేస్త్రి కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ కావాలి. సందుల్లో రావి మొక్క ఉంటే పైన విరిచేసి ఊరుకోవద్దు. వేరు ఉన్నంత మేర ఇటుకలు విప్పి తీయాలి, లేకపోతే రెండేళ్ళలో అదే చోట మళ్ళీ లేస్తుంది.

ఇక పని. సందు ఎంత లోతు తీయాలంటే, వెడల్పుకి రెండు రెండున్నర రెట్లు. మీ సందులు పది పన్నెండు మిల్లీమీటర్లున్నాయి కాబట్టి పాతిక మిల్లీమీటర్లు, అంటే అంగుళం. అంగుళం తర్వాత కూడా పొడిగానే ఉంటే గట్టి మాలు తగిలే వరకూ పోవాలి. కానీ గోడ మొత్తం ఒకేసారి తవ్వకండి. మీటరు పొడవు తీసి నింపి, తర్వాత పక్కది. తీసే పనిముట్టు సందు కంటే సన్నగా ఉండే ఉలి, అరకేజీ సుత్తి. మెత్తబడ్డ సున్నం మాలుకి గ్రైండర్ అక్కర్లేదు, పాత స్క్రూడ్రైవర్ వంచి కొక్కెంలా చేసుకున్నా వస్తుంది. గ్రైండర్‌తో అసలు ప్రమాదం నిలువు సందుల దగ్గర. మూడంగుళాల ఎత్తున్న నిలువు సందులో నాలుగంగుళాల చక్రం పెడితే పైనా కిందా ఇటుకల్లోకి కోత పడక తప్పదు. ఆ కోతలు జీవితాంతం కనబడతాయి. ఎవరో ఎప్పుడో అక్కడక్కడా సిమెంట్ పూసి ఉంటే, అడ్డ సందుల్లో మాత్రం మధ్యగా ఒక గీత కోసి, మిగతాది ఉలితో రాల్చనివ్వండి. ఊడనన్న సిమెంట్‌ని అలాగే వదిలేయండి. బలవంతం చేస్తే ఇటుక పోతుంది. దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, మందుల షాపులో దొరికే గట్టి మాస్క్ పెట్టుకోండి, కళ్ళద్దాలూ ఉండాలి.

తెల్ల ఉప్పు కనిపిస్తే ముందు పొడి బ్రష్‌తో దులిపి, చాటలోకి ఎత్తి బయట పారేయండి. కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. కొందరు బాత్రూం యాసిడ్ పోసి తోముతారు, అది సున్నాన్నే తినేస్తుంది, కొత్త ఉప్పుని తయారు చేస్తుంది. దయచేసి వద్దు.

మాలు విషయంలో ఒక్క నియమం: ఇటుక కంటే మెత్తగా ఉండాలి. ఆ రోజుల్లో ఆవంలో కాల్చిన ఇటుకలు ఇప్పటి బట్టీ ఇటుకలంత గట్టివి కావు, గోరుతో గీస్తే ఎర్ర పొడి వస్తుంది. నేనైతే మీ గోడకి ముద్ద సున్నం ఒక వంతు, మెత్తగా దంచిన ఇటుక పొడి ఒక వంతు, జల్లించిన నది ఇసుక రెండు వంతులు కలుపుతాను. ఇటుక పొడి ఎందుకంటే, ఉత్త సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. తడిగా ఉన్న గోడలో అది ఇంకా ఆలస్యం. తక్కువ మంటకి కాలిన ఇటుక పొడి సున్నంతో కలిస్తే నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. నల్లగా మాడిన ఇటుక పొడికి ఆ గుణం ఉండదు, లేత ఎరుపు ఇటుకే ఏరుకోండి. పరవాడలో సింహాద్రి థర్మల్ బూడిద కూడా అదే పని చేస్తుంది, రంగు మాత్రం బూడిదగా మారుతుంది, పాత గోడ మీద అతుకు తెలుస్తుంది.

బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపాలా అని అడిగేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. పూర్వం కలిపేవాళ్ళు, ముఖ్యంగా పూతలకి. కొలత తెలిసిన చెయ్యి పక్కన లేనప్పుడు సందుల పనికి వాటి జోలికి పోకండి. మోతాదు మించిన బెల్లం మాలుని గట్టిపడనివ్వదు, చీమలు పట్టడం వేరే సంగతి.

సున్నం ఎలా తెచ్చుకోవాలి? రాయి సున్నం తెచ్చి మీరే తడపగలిగితే మంచిది కానీ, సలసలా మరుగుతుంది, చిమ్ముతుంది. ఎప్పుడూ నీళ్ళలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. ఇనుప డ్రమ్ము వాడండి, ప్లాస్టిక్ బకెట్ కరిగిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే పావుగంట పైగా మంచినీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్ళాలి, నలపకూడదు. తడిపిన సున్నం సన్న జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిచేలా కనీసం రెండు వారాలు ఉంచండి. ఎంత నానితే అంత వెన్నలా వస్తుంది. ఈ తంటాలు వద్దనుకుంటే సంచుల్లో దొరికే పొడి సున్నం కొని, ముందు రోజు రాత్రే నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసుకోండి. సంచి మీద ఐఎస్ 712 అని ఉందో లేదో చూడండి. కట్టడాల సున్నానికి మన ప్రమాణం అది. తెరిచి నెలల తరబడి పడి ఉన్న సంచి వద్దు, అది గాలి తగిలి చచ్చిపోయిన సున్నం.

మేస్త్రి సున్నం పని రాదు అంటే మధ్యేమార్గం ఒకటుంది: సిమెంట్ ఒకటి, సున్నం రెండు, ఇసుక తొమ్మిది. అన్నీ కొలత డబ్బాతోనే, పారలతో వద్దు. ఇది నాకు రెండో ఇష్టం. ఒకటి, ఒకటి, ఆరు అని ఇంకో పాళ్ళు చెబుతారు. అది బట్టీ ఇటుకల గోడకి బాగానే ఉంటుంది, మీ గోడకి నేను వాడను.

ఇసుక మన ఊరికి ఎక్కువగా నాగావళి, వంశధార, గోదావరి నుంచి వస్తుంది. ఎక్కడిదైనా సరే, సీసాలో మూడో వంతు ఇసుక, పైన నీళ్ళు పోసి ఊపి ఓ రెండు గంటలు ఉంచండి. ఇసుక మీద తేరుకున్న ఒండ్రు పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే కడిగి వాడాలి. బీచ్ ఇసుక ఎంత కడిగినా వద్దు. నీళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. సముద్రానికి దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో మాలు కలిపితే మీ చేత్తోనే గోడలోకి ఉప్పు ఎక్కించినట్టు. కుళాయి నీళ్ళు పట్టుకోండి. అనుమానం ఉంటే నల్ల పెనం మీద గరిటెడు మరిగించి చూడండి, తెల్ల చార మందంగా మిగిలితే ఆ నీళ్ళు మొక్కలకి కూడా పోయరు.

ఎంత సరుకు కావాలో లెక్క వేసి చూపిస్తాను, మేస్త్రి పది బస్తాలు రాసిస్తే అడగడానికి పనికొస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక, మూడంగుళాల ఎత్తు, పది మిల్లీమీటర్ల సందు అనుకుంటే చదరపు మీటరు గోడలో అడ్డ సందులూ నిలువు సందులూ కలిపి దాదాపు పదిహేడు మీటర్ల పొడవు ఉంటాయి. పాతిక మిల్లీమీటర్ల లోతుకి నాలుగుంపావు లీటర్ల మాలు. అంటే 100 చదరపు అడుగులకి నలభై లీటర్లు, నేలపాలయ్యేది కలిపి యాభై. ఒకటి, రెండు, తొమ్మిది పాళ్ళలో అందుకు కావలసిన సిమెంట్ ఎనిమిది కిలోలే, బస్తాలో ఆరో వంతు. ఖర్చంతా కూలీలోనే ఉంది. చేత్తో చెక్కి నింపడానికి ఓపికున్న మేస్త్రికి రోజుకి పాతిక ముప్పై చదరపు అడుగులు పడుతుంది. అంతకంటే వేగంగా చేస్తే నాకు అనుమానం.

నింపే ముందు సందు దులిపి, ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి నీళ్ళు చిలకరించండి. ఇటుకకి నీళ్ళు పట్టి ఉండాలి, కానీ మొహం మీద నీరు మెరవకూడదు. పొడి ఇటుక మాలులోని నీరంతా లాగేస్తుంది, మాలు పొడిగా మిగిలిపోతుంది. మాలు గట్టిగా, చేతిలో ఉండ చేస్తే నిలిచేలా కలుపుకోవాలి. జారుగా కలిపితే ఇటుకల మొహం అంతా సున్నం పాలు కారుతుంది. ఒకే దెబ్బకి అంగుళం నింపకండి. ఎనిమిది మిల్లీమీటర్ల చొప్పున మూడు పొరలు, ఒక్కోటీ సన్న తాపీతో వెనక్కి గట్టిగా కూరాలి. బొటనవేలు నొక్కితే కొద్దిగా గుర్తు పడే దశలో తర్వాతి పొర. సిమెంట్ కలిపిన మాలు ఒకసారికి అరగంటలో వాడేంతే కలపండి, గట్టిపడ్డాక నీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే దానికి బలం ఉండదు. సున్నం మాలుకి ఆ కంగారు లేదు.

మొహం ఎలా తీర్చాలన్న దగ్గర చాలా మేస్త్రులు తమ పనితనం చూపిస్తారు, అక్కడే పాడు చేస్తారు. ఇటుక మీదకి పూసి పైన తాడులా ఉబ్బెత్తు గీత తీస్తారు. చూడ్డానికి బాగుంటుంది, ప్రతి గీత మీదా వాన నీళ్ళు నిలుస్తాయి. మీ ఇటుకల అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి కాబట్టి మాలుని ఇటుక మొహం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే ఆపాలి. అంచు దాకా నింపితే సందు వెడల్పుగా కనిపిస్తుంది, ఆ పల్చని అంచు మొదటి వేసవికే లేస్తుంది. చివరలో గట్టి బ్రష్ చివర్లతో పొడిచినట్టు తట్టండి, పైన పాలపొర పోయి గుల్లగా ఉంటుంది, చెమ్మ ఊపిరి పీల్చుకుంటుంది.

తర్వాత తడి గోనె పట్టాలు, గోడకి అంటకుండా వేలాడదీయండి. సిమెంట్ ఉన్నదానికి వారం, సున్నానికి రెండు వారాలైనా రోజుకి మూడుసార్లు సన్నగా చిలకరింపు. పైపుతో కొట్టొద్దు. తూర్పు గోడ కాబట్టి ఉదయం ఎండ పడకముందే పట్టా ఉండాలి. మధ్యాహ్నం నీడలో పని మొదలుపెట్టడం మేలు.

నెల ఎంచుకోవడం కూడా ముఖ్యమే. జూన్ నుంచి వానలు, అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండాల టెన్షన్, మే ఎండకి మాలు కాలిపోతుంది. సున్నం పనికి డిసెంబర్ చివరి నుంచి మార్చి తొలి వారాల వరకూ బాగుంటుంది.

వాటర్‌ప్రూఫ్ పెయింట్ వద్దు. ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే, లోపలి చెమ్మ పొక్కులై లేస్తుంది. ఇటుక రంగు కనపడకపోయినా పర్వాలేదంటే పల్చని సున్నం వెల్ల రెండేళ్ళకోసారి వేయించండి. మన పెద్దవాళ్ళు సంక్రాంతికి వెల్ల వేయించింది అందానికే కాదు. ఉప్పు వెల్లని తింటుంది, గోడ మిగులుతుంది. ఇదంతా చదివి ఫ్లై యాష్ ఇటుకలతో పదేళ్ళ క్రితం కట్టిన ఇంటివాళ్ళు కంగారు పడొద్దు, మీకు సిమెంట్ మాలే సరైనది. మీ సందులు రాలుతుంటే అప్పుడు కలిపిన పాళ్ళలోనో, తర్వాత తడిపి ఉంచడంలోనో తేడా ఉండి ఉంటుంది.

మీరే చేసుకోవచ్చా అన్నారు. నడుము ఎత్తు వరకే కాబట్టి పరంజా అక్కర్లేదు, చేసుకోవచ్చు. వీధి వైపు కాకుండా పెరటి వైపు ఒక చదరపు గజం ఎంచుకుని, ఒక సెలవు రోజు దానికే పెట్టండి. మేస్త్రితోనైనా ముందు అంత ముక్కే నమూనాగా చేయించి, నెల ఆగి, ఆరాక రంగు చూసి మిగతాది ఒప్పుకోండి. తడి మీద ఎర్రగా కనిపించిన మాలు ఆరేసరికి తెల్లబడుతుంది. అప్పటి ముద్ద ఒకటీ, ఇసుక గుప్పెడూ డబ్బాలో వేసి, పాళ్ళు రాసిన చీటీ పెట్టి దాచండి.

ఈలోగా ఆ మూల నీళ్ళ గొట్టం పొడిగించి, గ్లాసులో ముద్ద వేసిన ఫొటో పెట్టండి. మట్టా సున్నమా తేలితే మిగతాది చెబుతాను.